సైటేషన్లతో ప్రాంతీయ ర్యాంకులు: గూగుల్ స్కాలర్, స్కోపస్, ఓపెన్‌అలెక్స్‌లలో దేన్ని ఎంతవరకు నమ్మాలి

ఒక ప్రాంతంలోని ఇరవై ముప్పై విశ్వవిద్యాలయాలనూ వాటిలో పనిచేసే పరిశోధకులనూ సైటేషన్ల (ఒక పేపర్‌ను ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయన్న లెక్క) ప్రకారం వరుసలో పెట్టాలంటే అందుబాటులో ఉన్న సేవలు ప్రధానంగా మూడు: గూగుల్ స్కాలర్, స్కోపస్, ఓపెన్‌అలెక్స్. లెక్కపెట్టడం మూడింటిలోనూ యంత్రం చేసే పనే, అందులో పెద్ద చిక్కేమీ లేదు. ఈ పేపర్ ఎవరిది, ఆ మనిషి ఏ సంస్థకు చెందినవాడు అని తేల్చే దగ్గరే తప్పులన్నీ పుడతాయి. గూగుల్ స్కాలర్‌లో ఆ తేల్చే పని పరిశోధకుడి చేతిలో ఉంది. స్కోపస్‌లో కంపెనీ చేస్తుంది, ఫిర్యాదు చేస్తే దిద్దుతుంది. ఓపెన్‌అలెక్స్‌లో అల్గారిథమ్ చేస్తుంది, ఆ ఫలితాన్ని ఎవరైనా తెరిచి చూడొచ్చు. ఈ సమీక్షలో మూడింటినీ ముఖ్యంగా ఆ ఒక్క విషయంలోనే తూచి చూశాం.

ముందు గూగుల్ స్కాలర్. 2004 నవంబరులో మొదలైంది, పరిశోధకుల సొంత ప్రొఫైళ్లు 2011లో వచ్చాయి. ప్రొఫైల్‌లో మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్ అని మూడు అంకెలు కనిపిస్తాయి. వాటి పక్కనే ఇటీవలి ఏళ్ల లెక్క విడిగా ఉంటుంది. హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత. ఒక్కోదానికి కనీసం 12 సైటేషన్లు వచ్చిన పేపర్లు 12 ఉంటే హెచ్ విలువ 12. ఐ10 అంటే పది లేదా అంతకు మించి సైటేషన్లు వచ్చిన పేపర్ల సంఖ్య.

దీని అసలు బలం విస్తృతి. మూడు డేటాబేసులను పోల్చిన 2018 నాటి పెద్ద అధ్యయనంలో, దొరికిన సైటేషన్లన్నింటిలో 93 నుంచి 96 శాతం గూగుల్ స్కాలర్‌లో ఉన్నాయి. స్కోపస్‌లో అది శాస్త్రాన్ని బట్టి 35 నుంచి 77 శాతం, వెబ్ ఆఫ్ సైన్స్ అనే మరో చందా డేటాబేసులో 27 నుంచి 73 శాతం. చందా డేటాబేసుల్లో ఆ అట్టడుగు అంకెలు సాహిత్యం, కళలు, మానవీయ శాస్త్రాలవి. ప్రాంతీయ విశ్వవిద్యాలయాల్లో స్థానిక భాషలో పుస్తకాలు రాసేవాళ్లు, సిద్ధాంత గ్రంథాల్లో ఉదహరించబడేవాళ్లు ఎక్కువ. వాళ్ల పని కనీసం కంటికి కనపడేది గూగుల్ స్కాలర్‌లోనే. ఈ ఒక్క కారణంగానైనా దాన్ని పక్కన పెట్టేయడం తగదు.

సంస్థ పేరుతో వెతికితే ఆ సంస్థ ప్రొఫైళ్లన్నీ పేజీకి పదేసి చొప్పున, సైటేషన్లు ఎక్కువున్నవాళ్లు ముందు వచ్చేలా కనపడతాయి. చూడ్డానికి అదే తయారైన ర్యాంకులా ఉంటుంది. చాలామంది దాన్ని యథాతథంగా ఎక్సెల్‌లోకి ఎత్తి జాబితా ప్రకటిస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది.

మొదటి లోపం, లేనివాళ్లు. ప్రొఫైల్ తనంతట తాను పుట్టదు. పరిశోధకుడు తయారు చేసుకోవాలి, బహిరంగం చేయాలి, సంస్థ ఈమెయిల్‌ను ధ్రువీకరించుకోవాలి. ఈ మూడింటిలో ఏది చేయకపోయినా సంస్థ జాబితాలో పేరు రాదు. కాబట్టి ఆ వరుస చెప్పేది ప్రొఫైల్ పెట్టుకున్నవాళ్లలో ఎవరు ముందున్నారన్నదే. ప్రొఫైళ్లు తెరిపించడానికి ఒక విశ్వవిద్యాలయం గట్టిగా పూనుకుంటే, ఒక్క కొత్త పేపర్ రాకుండానే దాని మొత్తం పెరుగుతుంది. దీనికి విరుగుడు ఒకటే. ప్రతి విశ్వవిద్యాలయం అధికారిక అధ్యాపకుల జాబితా తీసుకుని, అందులో ఎంతమందికి ప్రొఫైల్ ఉందో శాతం కట్టాలి. ఆ శాతాన్ని ర్యాంకు పక్కనే అచ్చు వేయాలి. సగం మంది కూడా లేని సంస్థకు స్కాలర్ ఆధారంగా ర్యాంకు ఇవ్వకూడదని మా అభిప్రాయం.

రెండోది, వెళ్లిపోయినవాళ్లు. ఉద్యోగం మారినా పాత ఈమెయిల్ ధ్రువీకరణ అలాగే ఉండిపోతుంది. పదవీ విరమణ చేసినవాళ్లు, చనిపోయినవాళ్లు, పీహెచ్‌డీ ముగించుకుని వేరే ఊరు వెళ్లినవాళ్లు అందరూ జాబితాలోనే ఉంటారు. సంస్థ పేరు రాసుకునే గడిలో ఏం రాసినా సరిచూసేవాళ్లు లేరు, ధ్రువీకరణ ఈమెయిల్ డొమైన్‌కే.

మూడోదే అన్నిటికంటే ఎక్కువ అంకెలు మార్చేది: ఇతరుల పేపర్లు వచ్చి చేరడం. ప్రొఫైల్ అమరికల్లో రెండు మార్గాలున్నాయి. కొత్త పేపర్లు దొరికితే నేరుగా చేర్చేయడం ఒకటి, ముందు ఈమెయిల్ పంపి అడగడం రెండోది. మొదటిది ఎంచుకుని మళ్లీ అటు తిరిగి చూడనివాళ్ల ప్రొఫైళ్లలో అదే ఇంటిపేరు, అవే పొడి అక్షరాలు ఉన్న వేరొకరి పేపర్లు పోగవుతాయి. పొట్టి పేర్లు, ఎక్కువమందికి ఉండే పేర్లు ఉన్నవాళ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. దురుద్దేశం లేకుండానే ఒకరి సైటేషన్లు కొన్ని రెట్లు పెరిగిపోతాయి.

అనుమానం వచ్చిన ప్రొఫైల్‌ను ఇలా పరీక్షించాలి. జాబితా పైన సంవత్సరం అన్న శీర్షిక నొక్కి పేపర్లను కాలక్రమంలో పెట్టి, చివరి దాకా దిగండి. 2009లో పీహెచ్‌డీ చేసిన మనిషికి 1987 నాటి పేపర్ ఉంటే అది వేరొకరిది. తర్వాత సైటేషన్ల వరుసకు మార్చి మొదటి ఇరవై శీర్షికలు చదవండి. నేల రసాయన శాస్త్రం మధ్యలో గుండె శస్త్రచికిత్స కనపడితే ఆ పేపర్ తెరిచి, రచయితల వరుసలో పూర్తి పేరూ సంస్థా చూడండి. సైటేషన్ అంకె పక్కన నక్షత్రం గుర్తుంటే రెండు మూడు నమోదులను కలిపారని, అవి ఒకే పేపర్‌వి కాకపోయి ఉండొచ్చని అర్థం. ఆఖరున ఏడాదివారీ కడ్డీల పటం చూడండి. మెల్లగా పెరుగుతున్న కడ్డీలు ఒక్క ఏడాదిలో నాలుగింతలైతే కారణం వెతకాల్సిందే. కొన్నిసార్లు అది నిజమైన గుర్తింపే కావచ్చు, ఓ మంచి సమీక్షా వ్యాసం వల్ల కూడా అలా పెరుగుతుంది. అందుకే పటం చూసి నేరం మోపకండి, ఉదహరించిన పేపర్లు తెరిచి చూడండి.

కావాలని చేసే మోసానికి స్కాలర్ దగ్గర గట్టి తలుపు లేదు. ఈ సంగతి పరిశోధకులే ప్రయోగాలు చేసి నిరూపించారు. 2010లో సిరిల్ లాబె అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ప్రోగ్రాంతో అర్థం లేని పేపర్లు వంద దాకా పుట్టించి, ఐక్ ఆంట్‌కారే అనే లేని మనిషికి హెచ్-ఇండెక్స్ 94 తెప్పించారు. 2012లో స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు నకిలీ పత్రాలను ఒక వెబ్ పేజీలో పెట్టారంతే. వాటితో 129 పేపర్లకు 774 సైటేషన్లు అదనంగా వచ్చి చేరాయి. 2024లో లారీ అనే పిల్లికి 12 నకిలీ పేపర్లతో 132 సైటేషన్లు వచ్చాయి. మూడు ప్రయోగాల్లోనూ కిటుకు ఒకటే. పత్రం జర్నల్‌లో అచ్చయిందా లేదా అన్నది స్కాలర్ చూడదు, పండిత వ్యాసం ఆకారంలో ఉంటే చాలు, వెనక ఉన్న ఆధారాల జాబితాను లెక్కలోకి తీసుకుంటుంది. విస్తృతి ఇచ్చేదీ ఈ ఉదారతే, మోసానికి దారి ఇచ్చేదీ ఇదే.

ఇంకో ఇబ్బంది, అధికారికంగా డేటా తీసుకునే మార్గం లేదు. ప్రోగ్రాంతో పేజీలు లాగితే కొద్దిసేపట్లోనే అడ్డుకుంటుంది. చేత్తో నింపుకోవాల్సిందే. సైటేషన్లు ఒక్కోసారి తగ్గుతాయి కూడా, ఎందుకంటే మూల పేజీ వెబ్ నుంచి పోతే దాని సైటేషన్ కూడా పోతుంది. అందుకే అన్ని ప్రొఫైళ్లనూ ఒకే వారంలో చూసి, ప్రతి వరుసలో తేదీ రాసుకోవాలి.

స్కాలర్‌నే వాడక తప్పని పరిస్థితిలో వెబొమెట్రిక్స్ వాడిన ఉపాయం ఒకటి అక్కరకొస్తుంది. స్పెయిన్ జాతీయ పరిశోధన మండలిలోని సైబర్‌మెట్రిక్స్ ల్యాబ్ 2004 నుంచి ప్రకటిస్తూ వచ్చిన విశ్వవిద్యాలయాల ర్యాంకు అది. స్కాలర్ ప్రొఫైళ్ల సైటేషన్లను దానిలో ఒక సూచికగా తీసుకున్నప్పుడు, ప్రతి సంస్థలోనూ అందరికంటే పైనున్న ప్రొఫైళ్లను వదిలేసి, ఆ తర్వాతివాళ్ల మొత్తం తీసుకున్నారు. ఎంతమందిని వదలాలన్నది కాలక్రమంలో మారింది కానీ ఆలోచన సరైనది. కలుషితమైన ప్రొఫైళ్లు ఎక్కువగా పైవరుసలోనే ఉంటాయి గనక, ఆ కోతతో మిగిలిన లెక్క చాలావరకు నిలకడగా ఉంటుంది.

స్కోపస్ 2004లో ఎల్సెవియర్ మొదలుపెట్టింది. జర్నళ్లను ఎంపిక చేసి తీసుకుంటుంది, ప్రతి రచయితకూ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. రచయిత పేరుతో వెతికి ప్రాథమిక ప్రొఫైల్ చూడడం ఉచితమే, సంస్థ స్థాయిలో డేటా దించుకోవడానికి మాత్రం చందా కావాలి. మనుషులను వేరుచేయడంలో స్కాలర్ కంటే చాలా మేలు. దీనిలో తప్పు ఎక్కువగా అవతలి వైపు జరుగుతుంది: ఒకే మనిషి రెండు మూడు గుర్తింపు సంఖ్యలుగా చీలిపోయి, అసలుకంటే చిన్నగా కనపడతాడు. రచయిత ప్రొఫైల్‌ను దిద్దమని కోరే ఏర్పాటు అందులోనే ఉంది. సంస్థలు కూడా ఇలాగే చీలతాయి. పేరు రెండు మూడు రకాలుగా రాసినా, వైద్య కళాశాల పేరు విడిగా రాసినా వేర్వేరు నమోదులవుతాయి. వాటిని దేనికది లెక్కించి కూడితే ఉమ్మడి పేపర్లు రెండుసార్లు పడతాయి. ఆ సంస్థ గుర్తింపు సంఖ్యలన్నీ ‘ఇది లేదా అది’ అని ఒకే ప్రశ్నలో పెట్టి వెతకాలి.

అంకె ఉత్తినే ఇవ్వకుండా శాస్త్రాన్ని బట్టి సర్దిన సూచికను ఇవ్వడం స్కోపస్ ప్రధాన లాభం. 1.00 ప్రపంచ సగటు, 1.35 అంటే అదే శాస్త్రంలో, అదే ఏడాది, అదే రకం పేపర్లకు వచ్చే సగటు కంటే 35 శాతం ఎక్కువ. గణితంలో 15 సైటేషన్ల పేపర్, జీవాణు శాస్త్రంలో 60 సైటేషన్ల పేపర్ కంటే తన రంగంలో ముందుండవచ్చు. ఆ సర్దుబాటు లేని ఏ మిశ్రమ జాబితా అయినా గణితాన్నీ చరిత్రనూ అట్టడుగుకు తోసేస్తుంది.

‘ప్రపంచంలోని అత్యుత్తమ 2 శాతం శాస్త్రవేత్తలు’ అన్న పేరుతో విశ్వవిద్యాలయాలు ఏటా ప్రకటించుకునే జాబితాకూ మూలం స్కోపసే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ అయొనిడిస్ బృందం 2019 నుంచి దాన్ని పట్టికలుగా విడుదల చేస్తోంది. అది స్టాన్‌ఫర్డ్ ఇచ్చే బిరుదు కాదు, వడపోసిన డేటా. నిజానికి డేటాగా అది చాలా మంచిది. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, సహరచయితల సంఖ్యకు సర్దిన హెచ్-ఇండెక్స్‌తో పాటు, ఒంటరిగా రాసినవి, ఒంటరిగా లేదా మొదటి రచయితగా రాసినవి, వాటికి చివరి రచయితగా ఉన్నవి కూడా కలిపినవి అని ఆరు కొలతలు కలుపుతుంది. స్వీయ సైటేషన్లతోనూ (తన పేపర్లను తానే ఉదహరించుకున్నవి) అవి లేకుండానూ రెండు వరుసలు ఇస్తుంది. వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. జీవితకాల పట్టిక, ఒక్క ఏడాది పట్టిక వేర్వేరు, వీటిని కలిపి ‘మా దగ్గర ఇంతమంది’ అనకూడదు. రచయితలను అక్షరక్రమంలో రాసే రంగాల్లో మొదటి, చివరి స్థానాలకు అర్థం ఉండదు గనక, ఆర్థిక శాస్త్రం, గణితం వంటి వాటిలో ఈ స్కోరు అన్యాయం చేస్తుంది.

వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్ కంపెనీ ప్రకటించే అత్యధిక సైటేషన్ల పరిశోధకుల జాబితా ప్రాంతీయ పోలికకు పెద్దగా పనికిరాదు, చాలా విశ్వవిద్యాలయాలకు అందులో ఒక్క పేరు కూడా ఉండదు. 2023లో గణితాన్ని ఆ జాబితా నుంచి పూర్తిగా తీసేశారు. చిన్న రంగం కావడంతో కొద్దిపాటి కృత్రిమ సైటేషన్లే వరుసను తారుమారు చేయగలవని వాళ్లు గుర్తించారు. చిన్న ప్రాంతాల్లో చిన్న రంగాలను పోల్చేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇక ఓపెన్‌అలెక్స్. మైక్రోసాఫ్ట్ అకడమిక్ గ్రాఫ్ అనే పరిశోధన పేపర్ల డేటాబేసు 2021 చివర ఆగిపోయింది. దాని స్థానంలో అవర్‌రీసెర్చ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2022 జనవరిలో దీన్ని తెచ్చింది. డేటా మీద హక్కులేమీ అట్టిపెట్టుకోలేదు, ఎవరైనా దించుకుని వాడొచ్చు, మళ్లీ ప్రచురించొచ్చు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం తన ప్రసిద్ధ ర్యాంకుకు 2024లో బహిరంగ ప్రతి తెచ్చినప్పుడు ఈ డేటానే ఆధారం చేసుకుంది. సంస్థల స్థాయి పోలికకు మా ఓటు దీనికే, ఎందుకంటే ర్యాంకు మీద ఎవరైనా అభ్యంతరం చెబితే ఏ పేపర్ల వల్ల ఆ అంకె వచ్చిందో ఒక్కొక్కటిగా చూపించొచ్చు.

పని ఇలా సాగుతుంది. ప్రతి విశ్వవిద్యాలయానికీ ఉండే రోర్ (పరిశోధన సంస్థల అంతర్జాతీయ నమోదు పట్టిక) గుర్తింపు సంఖ్య ముందుగా సేకరించాలి. అనుబంధ ఆసుపత్రులు, పరిశోధన కేంద్రాలకు విడి సంఖ్యలుంటాయి. వాటిని కలపాలో వద్దో లెక్క మొదలయ్యే ముందే రాసిపెట్టుకోవాలి, ఫలితం చూశాక నిర్ణయిస్తే మొగ్గు వచ్చేస్తుంది. తర్వాత నాలుగేళ్ల కాలం ఎంచుకోండి, ఆఖరి ఏడాది పేపర్లకు కనీసం రెండేళ్లు గడిచి ఉండాలి. వ్యాసాలు, సమీక్షా వ్యాసాలు మాత్రమే తీసుకుని, సంపాదకీయాలు, దిద్దుబాటు నోటీసులు వదిలేయండి. ఉపసంహరించిన పేపర్లకు గుర్తు ఉంటుంది, వాటిని తీసేయండి. ఫలితాలు పది వేలు దాటితే మామూలు పేజీ సంఖ్యలతో డేటా రాదు, ఒక విడత ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుని తర్వాతి విడత అడిగే కర్సర్ పద్ధతి వాడాలి. ఇది తెలియక సగం డేటాతోనే లెక్క ముగించేవాళ్లున్నారు. ప్రతి పేపర్‌కూ శాస్త్రాన్ని బట్టి సర్దిన శాతస్థానం (అలాంటి పేపర్లలో అది ఎంత పైన ఉందో చెప్పే అంకె) డేటాలోనే వస్తుంది, దాన్ని తీసుకోండి.

లోపాలు లేకపోలేదు. చాలా పేపర్లలో రచయిత పక్కన సంస్థ ఖాళీగా ఉంటుంది. చిన్న ప్రచురణకర్తలు పంపే సమాచారంలోనే అది ఉండదు, ఆధారాల జాబితా కూడా ఉండదు. కాబట్టి స్థానిక జర్నళ్లలో ప్రచురించే విశ్వవిద్యాలయం నష్టపోతుంది. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా కలపడం, ఒకరిని ముగ్గురుగా చీల్చడం రెండూ జరుగుతాయి. ఆర్కిడ్ సంఖ్య (పరిశోధకుడు సొంతంగా తీసుకునే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉన్న పరిశోధకుల దగ్గర ఇది బాగా తక్కువ. అందుకే వ్యక్తుల వరుసకు ఓపెన్‌అలెక్స్ అంకెను పరీక్షించకుండా ప్రకటించకూడదు.

ఏ సేవ వాడినా లెక్క కట్టే పద్ధతే ఫలితాన్ని సగం నిర్ణయిస్తుంది. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద వచ్చిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. అలాంటి పేపర్ మొత్తం ఘనతనూ అందులో ఒక్క రచయిత ఉన్న విశ్వవిద్యాలయానికి పూర్తిగా రాస్తే, మిగిలిన వందల పేపర్లు అప్రస్తుతమైపోతాయి. వాటాల పద్ధతిలో దాని భాగం 5,154లో ఒక వంతు. మామూలు పేపర్‌కైనా అంతే: నలుగురు రచయితల్లో ఇద్దరు ఒక సంస్థవాళ్లయితే దానికి 0.5, మిగిలిన రెండు సంస్థలకు 0.25 చొప్పున. సంస్థలకు వాటాల పద్ధతి తప్ప మరొకటి వాడొద్దు.

సగటుతోనూ ఇదే ప్రమాదం. 200 పేపర్లకు తలా ఐదు సైటేషన్లున్న చోట 4,000 సైటేషన్ల పేపర్ ఒకటి చేరితే సగటు 5 నుంచి దాదాపు 25కు ఎగబాకుతుంది, మధ్యమం (పేపర్లను వరుసలో పెడితే సరిగ్గా నడుమ ఉన్నదాని అంకె) మాత్రం ఐదు దగ్గరే ఉంటుంది. 2010లో టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకుల్లో సైటేషన్ల విభాగంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయం ప్రపంచంలో నాలుగో స్థానంలో నిలవడం, కొద్ది పేపర్లు సగటును ఎలా లాగేస్తాయో అందరికీ చూపింది. కాబట్టి సగటుకు బదులు, తమ రంగంలో అత్యధికంగా ఉదహరించబడిన పది శాతంలో ఎన్ని పేపర్లు పడ్డాయన్న నిష్పత్తి తీసుకోండి. ప్రపంచ సగటు పది శాతమే గనక చదివేవాళ్లకూ సులువు.

ఆ నిష్పత్తికి కూడా హద్దులు రాయాలి. 40 పేపర్లలో 6 పైవరుసలో ఉంటే 15 శాతం. కానీ అంత చిన్న సంఖ్యతో అసలు విలువ సుమారు 6 నుంచి 30 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2,000 పేపర్లలో 300 ఉంటే అదే 15 శాతం, ఈసారి హద్దులు సుమారు 13.5 నుంచి 16.6. మొదటి విశ్వవిద్యాలయానికి ‘ఏడో ర్యాంకు’ అని రాయడంలో అర్థం లేదు. హద్దులు ఒకదాని మీద ఒకటి పడే సంస్థలను ఒకే శ్రేణిలో పెట్టి, శ్రేణి లోపల అక్షరక్రమంలో రాయండి.

వ్యక్తుల విషయంలో మొత్తం సైటేషన్ల వరుసను అసలు ప్రకటించకపోవడమే మంచిది. పదేసి సైటేషన్ల పేపర్లు పది రాసినవారికి హెచ్-ఇండెక్స్ 10. వెయ్యేసి సైటేషన్ల పేపర్లు మూడే రాసినవారికి 3. వీళ్లలో ఎవరు ముందో ఏ ఒక్క అంకె తేల్చలేదు. తప్పదనుకుంటే ఒకే ఉపశాఖలో, మొదటి పేపర్ నుంచి గడిచిన ఏళ్లు దాదాపు సమానంగా ఉన్నవాళ్ల మధ్య మాత్రమే పోల్చండి, స్వీయ సైటేషన్లు తీసేసి. ప్రొఫైళ్ల నుంచి అంకెలు తీసుకుని, జాబితాలో పేరుండడానికి పరిశోధకుల దగ్గరే డబ్బు వసూలు చేసే సైట్ల ర్యాంకులను ఏ నియామకానికీ పదోన్నతికీ పరిగణించకండి.

మొత్తం మీద మా వాడకం ఇలా ఉంటుంది: మనుషులనూ స్థానిక భాషా ప్రచురణలనూ కనిపెట్టడానికి గూగుల్ స్కాలర్, సంస్థల లెక్కకు ఓపెన్‌అలెక్స్, చందా ఉన్నచోట అనుమానాలు తీర్చుకోవడానికి స్కోపస్. స్కోపస్‌కూ ఓపెన్‌అలెక్స్‌కూ మధ్య ఒక సంస్థ పేపర్ల సంఖ్య విపరీతంగా తేడా వస్తే, ఆ సంస్థ అనుబంధ నమోదుల్లో ఎక్కడో పొరపాటుందని అర్థం. దాన్ని తేల్చకుండా ముందుకు పోవద్దు.

ప్రకటించే ముందు ప్రతి విశ్వవిద్యాలయానికీ దాని పేపర్ల జాబితా పంపి, దిద్దుబాట్లకు రెండు మూడు వారాలు గడువివ్వండి. పేపర్ల జాబితానే పంపండి, ర్యాంకు పంపొద్దు. ర్యాంకు ముందే తెలిస్తే తమను కిందికి లాగే తప్పులే దిద్దమంటారు, పైకి ఎత్తే తప్పుల జోలికి పోరు. గడువు ముగిశాక డేటా ప్రతిని తేదీతో సహా భద్రపరిచి, ఆ ప్రతి మీదే లెక్క కట్టండి.